కైశిక ద్వాదశి – ప్రక్కకు జరిగిన ధ్వజస్తంభం

కార్తికమాసము శివకేశవులిరువురికీ ప్రీతికరమైన మాసమని పెద్దల మాట. ఈ మాసంలో శుక్లపక్ష ద్వాదశి నాటి సాయంకాలం తెలుగునాట ఇంటింటా తులసికోట వద్ద ఉసిరికొమ్మను నిలిపి, దీపాలు వెలిగించి, క్షీరాబ్ధిశయనుని పూజించడం తరతరాలుగా వస్తున్న ఆచారం. దీనినే క్షీరాబ్ధి ద్వాదశి అనీ, పాలకడలిని చిలికిన కథను తలచుకొని చిలుకు ద్వాదశి అనీ అంటాము. అయితే ఆ సాయంకాలానికి ముందు వచ్చే తెల్లవారుజాముకు మరొక పేరున్నది. పంచాంగంలో చిన్న అక్షరాలతో కనిపించే ఆ పేరు కైశిక ద్వాదశి. దీపాల సందడిలో మనలో చాలామందిమి దానిని గమనించము. మన ఆలయ జీర్ణోద్ధరణ పూర్తయి, నూతన ధ్వజస్తంభానికి ప్రతిష్ఠ జరుగుతున్న ఈ శుభసమయంలో ఆ పర్వదినాన్ని తలచుకోవడానికి ప్రత్యేకమైన కారణమున్నది. దాని కథలో కూడా ఒక ధ్వజస్తంభం ఉన్నది. అది మన స్తంభం వలె గర్భాలయానికి ఎదురుగా తిన్నగా ఉండదు.

శ్రీమహావిష్ణువు ఆషాఢ శుద్ధ ఏకాదశి నాడు, అనగా మన తొలి ఏకాదశి నాడు, యోగనిద్రకు ఉపక్రమిస్తాడు. భాద్రపద శుద్ధ ఏకాదశి నాడు ఒత్తిగిల్లుతాడు. కార్తిక శుద్ధ ఏకాదశి నాడు మేల్కొంటాడు. అందుచేత దానికి ఉత్థాన ఏకాదశి అని పేరు. ఆనాడు ఉపవాసం, రాత్రి జాగరణ, మరునాడు ద్వాదశి ఘడియలలో పారణ. ఆ జాగరణ రాత్రి కడపటి జాములో ఒక భక్తుడు పాడిన పాటకు గుర్తుగా ఏర్పడినదే కైశిక ద్వాదశి. కైశికము అనేది ఒక ప్రాచీన రాగం. నేటి భైరవికి అది దగ్గరదని కొందరు సంగీతజ్ఞుల అభిప్రాయం. నాకు తెలిసినంతలో దేవుని పేరు, తిథి పేరు కాక ఒక రాగం పేరు పెట్టుకొన్న పండుగ ఇదొక్కటే.

కథ వరాహ పురాణంలోనిది. ప్రళయజలాల నుండి తనను పైకెత్తిన ఆదివరాహమూర్తిని భూదేవి, జీవులు తరించే సులభోపాయం ఏదని అడిగినప్పుడు స్వామి ఈ వృత్తాంతం చెప్పాడు. క్షేత్రం తిరుక్కురుంగుడి. తమిళనాడులోని తిరునెల్వేలి జిల్లాలో, పడమటి కనుమల చివర మహేంద్రగిరి పాదాన ఉన్న ఈ ఊరు 108 దివ్యదేశాలలో ఒకటి. ఇక్కడి స్వామిని నంబి అంటారు. ఆ ఊరి పొలిమేరలో అంత్యజ కులంలో జన్మించిన ఒక గాయకుడు ఉండేవాడు. పురాణం ఆయన పేరు చెప్పలేదు. శ్రీవైష్ణవులు ఆయనను నంపాడువాన్ అంటారు. అనగా ‘మన పాటగాడు’ అని అర్థం. ఆయన ఏళ్ల తరబడి ప్రతి రాత్రి కడజామున ఆలయం వద్దకు వచ్చి, వెలుపలనే నిలబడి, స్వామికి వినపడేలా పాడి వెళ్లేవాడు. లోపలికి వెళ్లే అధికారం ఆయనకు లేదు.

ఒక కార్తిక శుద్ధ ఏకాదశి రాత్రి ఆయన పాడటానికి బయలుదేరగా, దారిలో ఒక బ్రహ్మరాక్షసుడు పట్టుకొన్నాడు. పది దినాలుగా ఆకలితో ఉన్నాననీ, నీవు నాకు ఆహారమనీ అన్నాడు. గాయకుడు ప్రాణభిక్ష అడగలేదు. “నా వ్రతం ముగించుకొని వస్తాను, ఆ తరువాత భక్షించు” అని మాత్రమే అడిగాడు. చేజిక్కిన ఆహారాన్ని ఎవరు వదులుతారు? రాక్షసుడు నవ్వాడు. అప్పుడు గాయకుడు వరుసగా పద్ధెనిమిది ప్రమాణాలు చేశాడు. “నేను తిరిగి రాకపోతే ఫలానా పాపం చేసినవాని గతి నాకు పట్టుగాక” అన్నది వాటి తీరు.

ఈ ప్రమాణాల దగ్గర కొంచెం ఆగాలి. కథ చెప్పేవారు సాధారణంగా వీటిని గబగబా దాటిపోతారు. కానీ ఒక సమాజం దేనిని పాపమనుకొన్నదో తెలియాలంటే చూడవలసినవి ఇవే. ఒకే పంక్తిలో కూర్చున్నవారికి భేదం చూపి వడ్డించినవాని పాపం అందులో ఉన్నది. భూమిని దానమిచ్చి తిరిగి లాక్కొన్నవాని పాపం ఉన్నది. ఇస్తానని మాట ఇచ్చి ఇవ్వనివాని పాపం, పిల్లనిస్తానని చెప్పి తప్పినవాని పాపం, నిస్సహాయురాలైన భార్యను విడిచిపెట్టినవాని పాపం, ఒకరి అన్నం తిని వారినే నిందించినవాని పాపం, దాహంతో నీటికి వచ్చిన గోవులను అడ్డగించినవాని పాపం ఉన్నవి. పంక్తిలో కూర్చునే భాగ్యమే లేని మనిషి పంక్తిభేదాన్ని మహాపాపంగా చెప్పడం గమనించదగినది. చివరి ప్రమాణం నారాయణుని పరత్వానికి సంబంధించినది. వ్యాఖ్యాతలు దానినే ప్రధానంగా గ్రహించారు. రాక్షసుడు కూడా ఆ మాట వినగానే పట్టు వదిలాడని పురాణం చెబుతున్నది.

గాయకుడు ఆలయం వద్దకు వెళ్లి తనివితీరా పాడాడు. తిరిగి రాక్షసుని దగ్గరకు వడివడిగా వస్తుండగా ఒక పురుషుడు ఎదురై, “ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాట తప్పినా దోషం లేదు, మరో దారిన పొమ్మ”ని హితవు చెప్పాడు. ఆ వచ్చినవాడు పరీక్షింప వచ్చిన నంబియేనని స్థలసంప్రదాయం. గాయకుడు ఆ హితవును నమస్కరించి త్రోసిపుచ్చాడు. రాక్షసుని ముందు నిలబడి, “నా వ్రతం ముగిసింది, ఇక నీ ఇష్టం” అన్నాడు.

ఇక్కడ కథ తలక్రిందులవుతుంది. తినవలసినవాడు యాచకుడయ్యాడు. “నీ ప్రాణం నాకు వద్దు, ఈ రాత్రి నీవు పాడిన పాట ఫలం నాకివ్వు” అని రాక్షసుడు అడిగాడు. గాయకుడు ఒప్పుకోలేదు. నేను ఇస్తానన్నది దేహాన్ని, పాటను కాదు అన్నాడు. అంతా కాకపోతే సగం ఇమ్మన్నాడు రాక్షసుడు. చివరకు ఒక్క పాట ఫలమైనా ఇమ్మని కాళ్లపై పడ్డాడు. “అసలు నీకీ రూపం ఎందుకు వచ్చింది?” అని గాయకుడు అడిగాడు. తాను పూర్వజన్మలో సోమశర్మ అనే విప్రుడననీ, యజ్ఞంలో మంత్రలోపం చేసి, ఆ యజ్ఞం ముగియకముందే మరణించి ఇట్లయ్యాననీ అతడు చెప్పుకొన్నాడు. గాయకునికి జాలి కలిగింది. ఆ రాత్రి చివరగా కైశిక రాగంలో పాడిన పాట ఫలాన్ని ధారపోశాడు. రాక్షసునికి శాపమోక్షమైంది.

మంత్రం తప్పినందువలన పోయినది పాట వలన వచ్చింది. మంత్రం చదివినవాడు లోపలివాడు, పాట పాడినవాడు బయటివాడు. పురాణకర్త దీనిపై వ్యాఖ్యానించలేదు.

ఈ కథను తెలుగువారికి అందించినవాడు సాక్షాత్తు శ్రీకృష్ణదేవరాయలు. 1509 నుండి 1529 వరకు విజయనగర సింహాసనమేలిన రాయలవారు కళింగ దండయాత్ర సందర్భంలో విజయవాటికి వచ్చి, అక్కడి నుండి కృష్ణాతీరంలోని శ్రీకాకుళ క్షేత్రానికి వెళ్లి, హరివాసరమున ఉపవసించారు. ఆ రాత్రి కడజామున ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించి తెలుగులో కావ్యం చెప్పమని ఆనతిచ్చాడని ఆముక్తమాల్యద అవతారికలో ఉన్నది. ఏకాదశి ఉపవాసం, కడజాము, స్వామి అనుగ్రహం. కావ్యం పుట్టుకకూ కైశిక కథకూ ఈ పోలిక ఉండటం యాదృచ్ఛికమే కావచ్చును గానీ, నాకు మాత్రం ముచ్చటగా తోస్తుంది.

ఆముక్తమాల్యద ఆరవ ఆశ్వాసంలో నంపాడువాన్ మాలదాసరి అయ్యాడు. రాయలవారు తమిళ గాయకునికి తెలుగు దాసరి వేషం వేశారు. చేత కిన్నెర, చిటితాళాలు ఇచ్చారు. ఆయన పాడే పాటకు మంగళకైశికి అని పేరు. ఒక రాత్రి పక్షికూతను కోడికూతగా భ్రమించి, తెల్లవారుతున్నదనుకొని ముందే బయలుదేరి, దారి తప్పి, అడవిలో ఒక మహావటవృక్షం క్రింద కుంభజానువనే బ్రహ్మరాక్షసుని చేతికి చిక్కుతాడు. ఆ మర్రిచెట్టు వర్ణన, రాక్షసుని వర్ణన, దాసరి వేషవర్ణన తెలుగు కవిత్వంలో ప్రసిద్ధమైనవి. చక్రవర్తి అయి ఉండి ఒక మాలదాసరి ధరించిన వస్త్రాన్నీ, అతని వాద్యాన్నీ అంత శ్రద్ధగా పరికించి వ్రాయడం చూస్తే, ఆయన అటువంటివారిని దూరం నుండి కాక దగ్గరగానే చూశాడనిపిస్తుంది. తెలుగుదేశంలో, ముఖ్యంగా రాయలసీమలో, మాలదాసరులు తమ కులస్థులకు గురుస్థానంలో ఉండి, పెండ్లిండ్లు మొదలైన కార్యాలు జరిపిస్తూ వైష్ణవ కీర్తనలు పాడినవారు. కావ్యంలోని దాసరి ఊహాపురుషుడు కాడు.

రాయలవారు ఈ కథను ఎక్కడ ఉంచారన్నది కూడా ముఖ్యమే. యౌవనవతియైన గోదాదేవి విరహవేదనను చూసి కలతచెందిన విష్ణుచిత్తుడు స్వామికి మొరపెట్టుకొన్నప్పుడు, స్వామి ఈ కథను చెబుతాడు. వరాహావతారంలో గానఫలాన్ని విన్న భూదేవియే, పాడి నన్ను చేరాలన్న కోరికతో నీకు కూతురై పుట్టిందని తెలియజేస్తాడు. అనగా ధనుర్మాసంలో మనం నిత్యం వినే తిరుప్పావైకి మూలం ఒక మాలదాసరి పాట అన్నమాట. గోదాదేవికి తెలియకుండానే ఆయన ఆమెకు గురువైనాడు. ఆముక్తమాల్యదను పాఠ్యభాగాలుగా చదువుకొన్నవారికి ఈ సంబంధం సాధారణంగా కనిపించదు. కథను విడదీసి చదవడం వలన వచ్చిన నష్టమిది.

ఇక ఉత్సవ విషయం. శ్రీరంగంలో కైశిక ఏకాదశి రాత్రి నంపెరుమాళ్లకు సంవత్సరపు దినాల సంఖ్యకు సరిపోయేలా 365 వస్త్రాలు సమర్పిస్తారు. సంవత్సరంలో ఏ రోజైనా లోపం జరిగి ఉంటే దానికి ఇది పరిహారమని భావన. కైశిక పురాణాన్ని పరాశర భట్టరు వంశీయులు స్వామి ఎదుట పఠిస్తారు. రామానుజుల శిష్యులైన కూరేశుల కుమారుడు భట్టరు. ఆయన ఆ పురాణాన్ని చదివి వినిపించగా రంగనాథుడు పరవశించి మోక్షాన్నే బహుమానంగా ఇచ్చాడని గురుపరంపర కథ.

తిరుమలలో ఈ తెల్లవారుజామున జరిగేది సంవత్సరంలో మరెన్నడూ జరగదు. ఆలయంలోని పంచబేరాలలో స్నపనబేరమైన ఉగ్ర శ్రీనివాసమూర్తి శ్రీదేవీ భూదేవీ సమేతుడై మాడవీధులలో ఊరేగేది ఈ ఒక్కనాడే. పూర్వం ఉత్సవాలన్నీ ఈ మూర్తికే జరిగేవనీ, ఒక బ్రహ్మోత్సవ సమయంలో అగ్నిప్రమాదం సంభవించగా, స్వామి ఆజ్ఞతో లభించిన మలయప్పస్వామి ఉత్సవమూర్తి అయినారనీ ఐతిహ్యం. అందుకే సూర్యకిరణాలు సోకకముందే ఊరేగింపు ముగించి ఉగ్ర శ్రీనివాసుని లోపలికి వేంచేపు చేస్తారు. తరువాత కైశిక ద్వాదశి ఆస్థానం, పురాణ పఠనం జరుగుతాయి. బ్రహ్మోత్సవాలకు లక్షలాదిగా వచ్చే మనలో ఆ చీకటివేళ ఊరేగింపును చూసినవారు ఎందరు?

తిరుక్కురుంగుడిలో కథ జరిగిన చోటనే దానిని నాటకంగా ఆడతారు. కైశిక నాటకం అనే ఈ ఆలయ సంప్రదాయం కాలక్రమాన క్షీణించిపోగా, 20వ శతాబ్ది చివరి సంవత్సరాలలో నర్తకి అనితా రత్నం, నాటకాచార్యులు రామానుజం ప్రభృతులు పాత ప్రతులను, పాత నటీమణుల జ్ఞాపకాలను ఆధారం చేసుకొని పునరుద్ధరించారు. ఏకాదశి రాత్రి ఆలయ మండపంలో, స్వామి సన్నిధిని అభిముఖంగా చేసుకొని ఆడతారు. నంపాడువాన్ పాత్రధారి పాడేది ప్రేక్షకుల కోసం కాదు, నంబి కోసం.

అక్కడికి వెళ్లినవారికి ఆలయంలో మొదట కనిపించే వింత ధ్వజస్తంభం. ఆగమశాస్త్ర ప్రకారం అది మూలమూర్తికి ఎదురుగా ఋజురేఖలో ఉండాలి. మన ఆలయంలో దానిని నిలపడానికి స్థపతులు దారం పట్టి ఎన్నిసార్లు సరిచూశారో మనమంతా చూశాము. తిరుక్కురుంగుడిలో అది ప్రక్కకు తొలగి ఉన్నది. వెలుపల నిలబడిన నంపాడువాన్‌కు స్తంభం అడ్డువచ్చి స్వామి కనబడలేదట. స్వామి దానిని ప్రక్కకు జరగమని ఆజ్ఞాపించాడట. ఇటువంటి కథలు దక్షిణదేశంలో మరికొన్ని ఉన్నవి. తిరుప్పుంకూరులో నందనారు కోసం నంది ప్రక్కకు జరిగాడు. ఉడుపిలో కనకదాసు కోసం కృష్ణుడు వెనుదిరిగి గోడ సందు నుండి దర్శనమిచ్చాడు.

ధ్వజస్తంభాన్ని గురించి తెలుగువారు చెప్పుకొనే మరో కథ మయూరధ్వజునిది. వృద్ధవిప్రుని రూపంలో వచ్చిన శ్రీకృష్ణునికి ఇచ్చిన మాటకోసం తన దేహాన్ని సగానికి కోయించుకొన్న రాజు ఆయన. దేవుని ఎదుట నిత్యం నిలిచి, తొలి ప్రదక్షిణం అందుకొనే వరం పొంది స్తంభమైనాడని ప్రతీతి. మాటకోసం దేహాన్ని ఇవ్వజూపిన రాజు ఒకరు, మాటకోసం దేహాన్ని ఇవ్వజూపిన దాసరి మరొకరు. రాజుకు ఆలయం లోపల స్థానం దొరికింది. దాసరి వచ్చినప్పుడు ఆ రాజు ప్రక్కకు జరిగి దారి ఇచ్చాడని నేను అనుకొంటాను. ఇది శాస్త్రం కాదు, నా ఊహ మాత్రమే.

అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. స్తంభం జరిగింది గానీ, ఆ కథలో తలుపు తెరుచుకోలేదు. పాడినవాడు వెలుపలనే ఉండిపోయాడు. తిరుప్పాణాళ్వారును లోకసారంగముని భుజాలపై మోసి శ్రీరంగనాథుని సన్నిధికి తీసుకువెళ్లిన కథను గుర్తుచేస్తూ, 2018 ఏప్రిల్‌లో హైదరాబాదు జియాగూడలోని రంగనాథాలయంలోకి చిలుకూరు బాలాజీ ఆలయ అర్చకులు ఒక దళిత భక్తుని భుజాలపై ఎత్తుకొని ప్రవేశించడం పత్రికలలో మనమంతా చూశాము. ఆంధ్రప్రాంతం అప్పుడు భాగంగా ఉన్న మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది 1947లో. అంటరానితనాన్ని రద్దు చేసిన రాజ్యాంగం అమలులోకి వచ్చింది 1950లో. చట్టం తలుపులు తెరిచింది. పిలుపు మాత్రం చట్టం చేతిలో లేదు.

నా చిన్నతనంలో మా ఊరికి ఒక వృద్ధ దాసరి వచ్చేవారు. ధనుర్మాసపు చలిలో చెరువుగట్టు మీదుగా పాడుకొంటూ వచ్చి, ఆలయ మహాద్వారానికి ఇవతల నిలబడి, ఇంకొక పాట పాడి, నేలకు తల ఆనించి నమస్కరించి వెళ్లేవారు. అప్పటికి చట్టం వచ్చి ఎన్నో ఏళ్లయింది. ఆయనను ఎవరూ రావద్దనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు. అర్చకస్వామి పొంగలి దొన్నె పట్టుకొని బయటికి వచ్చి ఇచ్చేవారు. ఆ దొన్నెను అందించడంలో ఎంతో ఆదరం ఉండేది. ఇన్నేళ్ల తరువాత ఆ దృశ్యం తలపుకు వస్తే, ఆ ఆదరం నాలుగడుగులు లోపల జరగకూడదా అనిపిస్తుంది. ఆ ప్రశ్న అప్పుడు నాకు తోచలేదు. పెద్దలకు తోచిందో లేదో తెలియదు. ఒక సంవత్సరం ఆయన రాలేదు. ఆ తరువాత మరెవరూ రాలేదు.

జీర్ణోద్ధరణ సమావేశాలలో ఈ కథను ప్రస్తావించి, పెద్దల ముందు ఒక విన్నపం ఉంచాను. కార్తిక శుద్ధ ఏకాదశి రాత్రి మన ఆలయంలో జాగరణ ఏర్పాటు చేయాలనీ, ద్వాదశి తెల్లవారుజామున మహాద్వారం తలుపులు రెండూ తెరిచి ఉంచాలనీ, చుట్టుప్రక్కల గ్రామాలలో ఇంకా కిన్నెర, తంబుర పట్టి పాడుతున్న దాసరి కుటుంబాలవారిని మేళతాళాలతో ఎదురేగి తీసుకువచ్చి, ధ్వజస్తంభం దాటించి, ముఖమండపంలో కూర్చుండబెట్టాలనీ కోరాను. ముందు వారి పాట, పిమ్మట అర్చకస్వాముల కైశిక పురాణ పఠనం, ఆ తరువాత అందరికీ ఒకే పంక్తిలో పారణ భోజనం. ధర్మకర్తలు, అర్చకస్వాములు సంతోషంగా అంగీకరించారు. స్తంభాన్ని తిన్నగానే నిలిపాము కనుక, వారు దానికి ఇవతల నుండి స్వామిని చూడవలసిన అవసరం ఉండకూడదని అర్చకస్వామి అన్నారు.

ఆనాటి పారణ భోజనానికి ఉభయదాతలుగా ఉండదలచినవారు ఆలయ కార్యాలయంలో పేర్లు నమోదు చేసుకోవచ్చును. మాట ఇచ్చి ఇవ్వనివారిని గురించి ఆ దాసరి చేసిన ప్రమాణాన్ని పైన పేర్కొనియే ఉన్నాను.